ట్రెక్కింగ్‌కి మొదటి జీపీఎస్ ఏది కొనాలి? ఫోన్ మీద నమ్మకం పోయింది

ఘాట్‌రోడ్డు:

అందరికీ నమస్కారం. మాది వైజాగ్. డిసెంబరులో మేం నలుగురం పాడేరు దాటాక ఒక కొండెక్కాం. పేరున్న కొండేం కాదు, వంజంగిలో జాతరలా జనం ఉంటున్నారని పక్కకి వెళ్లాం, అంతే. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, కాఫీ తోటల్లోంచి కాలిబాట, సిల్వర్ ఓక్ చెట్లు, పైన గడ్డి. దిగేటప్పుడు మంచు కమ్మేసింది, ఎంతలా అంటే నాలుగడుగుల ముందు నడుస్తున్నవాడి ఎర్ర బ్యాగు కూడా కనబడలేదు. సరే ఫోన్ తీద్దాం అనుకుంటే నాది 38 శాతం చూపిస్తూనే చలికి ఆగిపోయింది, ఇంకొకడిది పొద్దున్నుంచి వీడియోలు తీసి తీసి ఎప్పుడో పోయింది, మూడోవాడి ఫోన్ బతికే ఉంది గానీ నెట్‌వర్క్ లేదు కాబట్టి మ్యాప్ తెరిస్తే బూడిద రంగు గళ్లు తప్ప ఏమీ లేవు. నాలుగోవాడు ఫోన్ కార్లోనే వదిలేసి వచ్చాడు, వాడి సంగతి వదిలేయండి.

గంటన్నర తిరిగాం. తిరిగినంతసేపూ ఒకే మిరియాల పాదు దగ్గరికి మూడుసార్లు వచ్చాం. చివరికి మేకలు తోలుకెళ్తున్న ఒక కుర్రాడు కనబడి వాళ్ల ఊరికి తీసుకెళ్లి టీ ఇప్పించి, రోడ్డు దాకా దింపాడు. మేం దిగాల్సిన వైపుకి సరిగ్గా అవతలి వైపు దిగామట.

అందుకే చేతిలో పట్టుకునే జీపీఎస్ ఒకటి కొందామని. ఆన్‌లైన్లో జీపీఎస్ అని కొడితే బండికి పెట్టే ట్రాకర్లు వందొస్తున్నాయి, ట్రెక్కింగ్‌వి వెతికితే గార్మిన్ కంపెనీవి ఈట్రెక్స్ అని, జీపీఎస్‌మ్యాప్ అని, పక్కన నంబర్లు, చివర ఎక్స్, ఎస్, ఐ అక్షరాలు, ఏదేంటో ఒక్క ముక్క అర్థం కాలేదు. నెలకి ఒకటి రెండుసార్లు వెళ్తాం, అరకు, లంబసింగి వైపు ఎక్కువ, ఎప్పుడైనా అర్మ కొండ వెళ్లాలని ఉంది. ఒక మాదిరి ఫోన్ ధర దాటకూడదు. అసలు కొనాలా, లేక ఫోన్‌నే సరిగ్గా వాడుకోవచ్చా? జీపీఎస్ లాంటిదే మన దేశపు సొంత నావిక్, అది ఉన్నదే కొనమని ఆఫీసులో ఒకాయన అంటున్నారు, అది కూడా చెప్పండి.

పాదచారి:

గురూ, కొనే ముందు ఒక్క మాట. నీ కథలో తప్పు జీపీఎస్‌ది కాదు, మ్యాప్‌ది, బ్యాటరీది. ఫోన్‌లో జీపీఎస్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు, ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టినా పనిచేస్తుంది. నెట్‌వర్క్ కావాల్సింది మ్యాప్ బొమ్మకి. ముందు రోజు ఇంట్లోనే ఓస్మాండ్ యాప్‌లోనో ఆర్గానిక్ మ్యాప్స్ యాప్‌లోనో ఆంధ్ర మ్యాప్ మొత్తం దింపుకుని ఉంటే ఆ మూడోవాడి ఫోనే మిమ్మల్ని దింపేసేది. రెండూ ఉచితమే, రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద, అంటే జనమే కలిసి గీసే ఉచిత మ్యాప్ మీద నడిచేవే. మన ఏజెన్సీలో కాలిబాటలు అన్నీ అందులో ఉండవు, కానీ గెడ్డలు, రోడ్లు, ఊళ్లు చాలావరకు ఉంటాయి.

ఇంకోటి, నెట్ లేనిచోట ఫోన్‌కి లొకేషన్ దొరకడానికి టైం పడుతుంది, ఎందుకంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో మామూలుగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది, అది లేకపోతే ఆకాశం నుంచే వినాలి. ఒక్కో ఉపగ్రహం తన వివరాలు 30 సెకన్లకోసారి చదువుతుంది. చెట్ల కింద మధ్యలో తెగిపోతే మళ్లీ మొదటికి. కాబట్టి కారు దిగగానే ఖాళీ జాగాలో నిలబడి రెండు నిమిషాలు ఆగు. జనం 15 సెకన్లు చూసి "పనిచేయట్లేదు" అని జేబులో పెట్టేస్తారు.

వీటన్నిటి తర్వాత కూడా విడిగా ఒకటి ఉంటే మంచిదే అంటాను. నేను వర్షాకాలంలో వెళ్తాను, తడి చేత్తో టచ్ స్క్రీన్ ఎలా ఏడిపిస్తుందో నాకు తెలుసు. నీళ్ల చుక్క పడితే అదే ఎవరికో కాల్ కొడుతుంది.

వాన గొడుగు:

నేను సియాటిల్‌లో ఉంటాను, వారం వారం కాస్కేడ్స్‌లో నడక. ఇక్కడ నా అనుభవం చెప్తా. నేను మామూలు జీపీఎస్ కొనలేదు, గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2 కొన్నాను. అరచేతిలో సగం ఉంటుంది, మ్యాప్ ఫోన్‌లోనే చూసుకుంటా, అది మాత్రం ఇరిడియం ఉపగ్రహాల ద్వారా మెసేజ్ పంపుతుంది, ఎస్‌ఓఎస్ నొక్కితే రెస్క్యూ వాళ్లకి మనం ఎక్కడున్నామో వెళ్తుంది. నెల నెలా చందా కట్టాలి, అదొక్కటే బాధ. సిగ్నల్ లేని లోయలోంచి ఇంట్లోవాళ్లకి "బాగానే ఉన్నా, గంట లేటు" అని పంపితే వాళ్లకి ఎంత టెన్షన్ తగ్గుతుందో, నాకు ఎంత చివాట్లు తగ్గుతాయో.

నీలాగా తప్పిపోయే కేసుకి ఇదే సరైనది అనిపిస్తోంది. సంక్రాంతికి వస్తున్నా, కావాలంటే నీకూ ఒకటి తెస్తా, అక్కడికంటే చవకే పడొచ్చు.

నల్లమల నడక:

వాన గొడుగు గారూ, బ్యాగులో పెట్టుకుని రావద్దు! ఆయనకే కాదు, మీ సొంతానిది కూడా వద్దు!!

శాటిలైట్ ఫోన్ గానీ, ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ గానీ టెలికం శాఖ అనుమతి లేకుండా ఇండియాలో దగ్గర పెట్టుకోవడమే నేరం, వాడక్కర్లేదు. 2008 ముంబయి దాడుల తర్వాత ఇంకా బిగించారు. ట్రెక్కింగ్‌కని వచ్చిన విదేశీయుల్ని ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో ఇది కనబడి పట్టుకున్న వార్తలు ఒకటి కాదు, చాలా వచ్చాయి. పాపం వాళ్లలో చాలామందికి ఇలాంటి రూలు ఉందనే తెలియదు, బతికించే వస్తువని పెట్టుకొచ్చారు. రూలు మంచిదా చెడ్డదా అన్నది వేరే గొడవ, నన్నడిగితే కొండల్లో తిరిగేవాళ్లకి ఏదో ఒక దారి చూపించాల్సింది, కానీ పండక్కి వచ్చి పోలీస్ స్టేషన్లో కూర్చోవడం ఎందుకు.

మామూలు జీపీఎస్ వేరు. అది ఆకాశం నుంచి వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు, ఇక్కడ దుకాణాల్లోనే అమ్ముతున్నారు. అయినా ఈ మధ్య ఎయిర్‌పోర్టుల్లో దేనికైనా ప్రశ్నలు వేస్తున్నారు కాబట్టి బయటి నుంచి తెప్పించుకునే కంటే ఇక్కడే బిల్లుతో కొనుక్కోవడం సుఖం, వారంటీ కూడా ఉంటుంది. ఘాట్‌రోడ్డు తమ్ముడూ, పేరు చివర "ఐ" ఉన్నవి, అంటే జీపీఎస్‌మ్యాప్ 66ఐ, 67ఐ, వాటిలో ఇన్‌రీచ్ ఉంటుంది. ఆ అక్షరం చూసి దాటేయ్. మిగతాది తీరిగ్గా రాస్తా, ఇప్పుడు డ్యూటీలో ఉన్నా.

వాన గొడుగు:

అమ్మో. నిజంగా తెలియదు. పోయినసారి కూడా బ్యాగులో పెట్టుకుని రావాల్సింది, ఛార్జింగ్‌కి పెట్టి మర్చిపోయాను కాబట్టి బతికిపోయానన్నమాట. థ్యాంక్స్ అన్నా.

ఘాట్‌రోడ్డు:

మంచి పని చేశారు అందరూ, నేను సరే తెమ్మని చెప్పబోయాను. ఫోన్‌లో ఆంధ్ర మ్యాప్ దింపేశాను. అయితే విడిగా కొనేది ఏది? ఈట్రెక్స్‌లో 22ఎక్స్, 32ఎక్స్, ఎస్ఈ అని మూడు కనబడుతున్నాయి బడ్జెట్ దగ్గర్లో. సెకండ్ హ్యాండ్‌లో ఈట్రెక్స్ 10 కూడా ఒకటి చవగ్గా వస్తోంది.

సర్వే మాస్టారు:

బాబూ, నేను సర్వే పనిలో ముప్ఫై ఏళ్లకి పైగా ఉండి రిటైరయ్యాను. చైను, థియోడొలైటు మోసిన తరం మాది. మొదటిసారి జీపీఎస్ చేతికిచ్చినప్పుడు అది చూపించిన చోటు వంద మీటర్ల దాకా పక్కకి పోయేది, ఎందుకంటే అమెరికా వాళ్లు సామాన్యులకిచ్చే సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టేవారు. 2000 మే నెలలో ఆ చెడగొట్టడం ఆపేశారు. ఆ వారం మా ఆఫీసులో అందరం ఆ పెట్టెని డాబా మీదికి తీసుకెళ్లి ఒకే చోట పెట్టి అంకెలు రాసుకుంటూ కూర్చున్నాం, నమ్మకం కుదరక. ఇప్పుడు మీ చేతిలోవి ఖాళీ ఆకాశం కింద నాలుగైదు మీటర్లలో చూపిస్తాయి. గుబురు అడవిలో, నిటారు లోయలో సిగ్నల్ రాతికి కొట్టుకుని తిరిగొస్తుంది కాబట్టి ఇరవై, ముప్ఫై మీటర్లు తేడా వస్తే కంగారు పడొద్దు. ఎత్తు చూపించే అంకెని ఇంకా తక్కువ నమ్మండి.

మోడల్ గురించి కుర్రాళ్లు చెబుతారు. నేను చెప్పేది రెండే, రెండూ కొన్న రోజే సరిచేసుకోవాల్సినవి.

ఒకటి, అక్షాంశం రాసే పద్ధతి. ఫోన్‌లో 18.0530 అని దశాంశాల్లో వస్తుంది. ఈ పరికరాలు చాలావాటిలో కొన్నప్పుడు డిగ్రీలు, నిమిషాల పద్ధతి పెట్టి ఉంటుంది. అక్కడ మీరు అవే అంకెలు చూసి 18 డిగ్రీల 05.30 నిమిషాలు అని కొట్టారనుకోండి, అది తప్పు అని పరికరం చెప్పదు, ఎందుకంటే అదీ ఒక చోటే. కానీ ఆ చోటు మీరనుకున్నదానికి దాదాపు 4 కిలోమీటర్లు ఉత్తరాన ఉంటుంది. నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, వందో వంతు కాదు. వంద కిలోమీటర్లు తప్పితే ఎవరైనా పట్టేస్తారు. నాలుగు కిలోమీటర్లంటే పక్క కొండ, అదీ చూడ్డానికి అలాగే ఉంటుంది, అదే ప్రమాదం. మా దగ్గర ఒక కొత్త కుర్రాడు ఇలాగే కొట్టి పొద్దున్న పదింటి నుంచి మధ్యాహ్నం దాకా సర్వే రాయి కోసం వేరే కొండ మీద తుప్పలు కొట్టించాడు. నలుగురు కూలీలు. ఆ రోజు కూలి లెక్కలో ఎలా చూపించామో ఇప్పుడు చెప్పను.

రెండోది, పాత టోపో షీట్లు, అంటే కొండల ఎత్తుపల్లాలతో సహా గీసిన సర్వే మ్యాపులు. ఎవరి దగ్గరైనా పాత సర్వే ఆఫ్ ఇండియా కాగితాలు దొరికితే అందులోంచి అంకెలు తీసి నేరుగా కొట్టకండి. భూమి ఆకారాన్ని లెక్కగట్టే పద్ధతి రెండింటికీ వేరు, వాటికి ఆధారం ఎవరెస్ట్ గోళాకృతి, జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84, రెండింటికీ మన ప్రాంతంలో వంద మీటర్లు దాటే తేడా ఉంటుంది. కొత్త షీట్లు, ఓపెన్ సిరీస్ అంటారు, 1:50,000 స్కేలువి, డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉన్నాయి. 2017లో నక్షే పోర్టల్ తెరిచి ఆధార్‌తో ఉచితంగా దింపుకోనిచ్చారు. ఒకటి ప్రింటు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు.

నావిక్ గురించి అడిగారు. మన సొంతది, గర్వంగానే ఉంటుంది, కానీ చేతి జీపీఎస్‌ల్లో దాని కోసం వెతికి ప్రయోజనం లేదు. మొదట పంపిన ఉపగ్రహాలు సిగ్నల్‌ని ఎల్5, ఎస్ అనే రేడియో బ్యాండ్లలోనే పంపేవి, చవక పరికరాలు వినేది ఎల్1. 2023 మే నెలలో పంపిన ఎన్‌వీఎస్-01 నుంచి ఎల్1 కూడా చేర్చారు. కొన్నేళ్లాగండి.

నల్లమల నడక:

డ్యూటీ అయింది, రాస్తున్నా. మాస్టారు గారికి దండం, ఆ నిమిషాల గొడవ నేనూ పడ్డాను.

తమ్ముడూ, ఈట్రెక్స్ 10 వద్దు. గట్టిది, చవక, కానీ నలుపు తెలుపు తెర, మ్యాప్ ఎక్కదు. ఎస్ఈ కొత్తది, 2023లో వచ్చింది, రెండు సెల్స్‌తో 168 గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది, కానీ దాని తెర మీద కూడా సరైన మ్యాప్ ఉండదు, మ్యాప్ చూడాలంటే ఫోన్ యాప్ కావాలి. నువ్వు ఫోన్ నుంచి పారిపోయే కదా ఇక్కడికొచ్చింది.

నేను 22ఎక్స్ వాడుతున్నా. 2.2 అంగుళాల తెర, ఇవాళ్టి ఫోన్ల పక్కన పెడితే నవ్వొస్తుంది. కానీ ఎండ ఎంత పడితే అంత బాగా కనబడుతుంది, అక్కడ ఫోన్ నల్ల అద్దం అవుతుంది. మామూలు పెన్సిల్ సెల్స్ రెండు వేస్తే 25 గంటలు అంటారు, నాకు ఇరవైకి అటూ ఇటూ వస్తోంది. సెల్స్ అయిపోతే మన్ననూరు కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి, పవర్ బ్యాంక్ అయిపోతే అడవిలో ప్లగ్గు ఎక్కడుంది? రీఛార్జబుల్స్ వేస్తే మాత్రం సెట్టింగ్స్‌లో బ్యాటరీ రకం మార్చు, వాటిది 1.2 వోల్టులే కాబట్టి లేకపోతే సగం ఉండగానే ఖాళీ అని చూపిస్తుంది. మైక్రో ఎస్‌డీ కార్డు పడుతుంది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి గార్మిన్ కోసం చేసిన ఇండియా మ్యాప్ ఫైల్ ఉచితంగా దింపుకుని కార్డులో గార్మిన్ అనే ఫోల్డర్‌లో పడేస్తే చాలు. కేబుల్ మాత్రం పాతకాలపు మినీ యూఎస్‌బీ, పోగొట్టుకోకు, ఇప్పుడెవరి ఇంట్లోనూ ఉండదు.

దీంట్లో ఒకటి తెలుసుకోవాలి, నాకు ఎవరూ చెప్పలేదు. 22ఎక్స్‌లో దిక్సూచి లేదు. నిలబడి అటూ ఇటూ తిరిగితే బాణం నీతో తిరగదు, నడిస్తేనే నువ్వెటు పోతున్నావో దానికి తెలుస్తుంది. మొదటిరోజు నిలబడి బాణం చూసి ఎటో పోయి, పాడైన ముక్క అంటగట్టాడని అమ్మినవాణ్ని తిట్టుకున్నాను. ఇరవై అడుగులు నడిస్తే సర్దుకుంది. నిలబడ్డప్పుడూ దిక్కు చూపించాలంటే 32ఎక్స్, అందులో దిక్సూచి, గాలి ఒత్తిడితో ఎత్తు కొలిచేది రెండూ ఉంటాయి, ధర బాగా పెరుగుతుంది. ఆ డబ్బుతో చిన్న మామూలు దిక్సూచి కొనుక్కుని మిగిలింది దాచుకో.

వాడకం దగ్గరికొస్తే, బండి దిగగానే చేయాల్సింది ఒకటే, ఆ చోటుని వేపాయింట్‌గా, అంటే పేరున్న గుర్తుగా పెట్టి, నడిచిన దారిని దాచుకునే ట్రాక్ రికార్డింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవడం. నేను "బైక్" అని పెడతా. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ "బైక్"కి గో టు కొట్టకు. అది తిన్నగా గీత గీస్తుంది, మధ్యలో లోయ ఉందా, రాయి ఉందా దానికి పట్టదు. ఫారెస్ట్ వాళ్ల అనుమతితో ఒకసారి వెళ్లినప్పుడు 600 మీటర్లే అని గీత పట్టుకుని పోయాను, ముందు వాగు, వాగుకి రెండు నిలువుల ఒడ్డు, చీకటి పడుతోంది, అవతలి ఒడ్డున నా బైక్ ఇండికేటర్ కూడా మెరుస్తోంది, ఆఫ్ చేయడం మర్చిపోయాన్లే. వెనక్కి పోయి పొద్దున వచ్చిన దారిలోనే వస్తే గంటా పది నిమిషాలు. అప్పట్నుంచి ట్రాక్‌బ్యాకే, వచ్చిన అడుగుల్లోనే తిరిగి అడుగు వేయిస్తుంది. నీ మంచు కథలో నీకు కావాల్సింది కూడా సరిగ్గా అదొక్కటే.

ఇంకోటి, భోజనానికి కూర్చున్న చోట ట్రాక్ చూస్తే కోడి గీరినట్టు గీతలుంటాయి. పాడైందనుకోకు, కదలకుండా ఉంటే అలాగే అటూ ఇటూ ఊగుతుంది.

పాదచారి:

జీపీఎస్‌మ్యాప్ 65 కూడా చెప్పాలి కదా, రెండు బ్యాండ్లు వింటుంది, గుబురు చెట్ల కింద తేడా తెలుస్తుంది. కానీ సెల్స్‌తో 16 గంటలే, ధర కూడా ఘాట్‌రోడ్డు చెప్పిన గీత దాటేస్తుంది. మొదటిదానికి అక్కర్లేదులే. అన్నా, ఇండికేటర్ సంగతి చదివి ఇంట్లో అందరూ నన్ను చూసేలా నవ్వాను.

ఘాట్‌రోడ్డు:

మూడు వారాల తర్వాత రాస్తున్నా. 22ఎక్స్ తీసుకున్నా, ఆఫీసులో ఒకాయన లేహ్ వెళ్లడానికి కొని డబ్బాలోనే ఉంచేశాడు, బిల్లుతో సహా ఇచ్చాడు, సగం కంటే కొంచెం ఎక్కువకి.

ఇంట్లో సోఫాలో కూర్చుని ఆన్ చేసి పావుగంట తిట్టుకున్నా, తర్వాత గుర్తొచ్చి మేడ మీదికి వెళ్తే నిమిషంన్నరలో పట్టేసింది. ఆదివారం మాధవధార నుంచి సింహాచలం మెట్లదారిలో ఎక్కి పరీక్షించాం. మెట్లదారిలో తప్పిపోవడం ఎలాగూ కుదరదు కాబట్టి దానికే వెళ్లాం. పైకెళ్లి ట్రాక్‌బ్యాక్ నొక్కి, తెర మాత్రమే చూస్తూ దిగాను, ఒక మలుపు దగ్గర మెట్లకి పది అడుగులు పక్కగా గీత వచ్చింది, మిగతాదంతా సరిగ్గా మెట్ల మీదే. కొబ్బరికాయలమ్మే ఆవిడ నన్ను చూసి ఫోన్‌లో ఏదో గేమ్ ఆడుతున్నాననుకుని, ముందు కాళ్ల కింద చూసుకో నాయనా అంది.

మాస్టారూ, మీరన్నట్టే నాదీ డిగ్రీలు, నిమిషాల పద్ధతిలో ఉంది, దశాంశాలకి మార్చాను. ఆ రోజు మేకల కుర్రాడి ఇంటి ముందు టీ తాగుతూ మావాడి ఫోన్‌లో తీసిన ఫొటోలో లొకేషన్ ఉంది, అది కొట్టి "టీ" అని పెట్టుకున్నా. వచ్చే వారం వెళ్తున్నాం, వాడికి చెప్పుల కొలత కనుక్కోవడం మర్చిపోయాం, అందాజాగా ఏడు నంబరు తీసుకున్నాం. మినీ యూఎస్‌బీ కేబుల్ మాత్రం డబ్బాలో లేదు. వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?

పాదచారి:

మా అటక మీద పాత కెమెరా కేబుల్ ఒకటుంది గురూ, మద్దిలపాలెం వైపు వస్తే చెప్పు.